వెనక్కి పాస్‌ని బొమ్మలో ఎలా చూపించాలి?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోని 10–14 ఏళ్ల ఆడపిల్లల్ని రగ్బీ వైపు తీసుకురావడానికి చిన్న పత్రిక సిద్ధం చేస్తున్నాం. ఏ5 సైజు, 16 పేజీలు, మధ్యలో పిన్ను, లోపల నలుపు-తెలుపే. జట్టుకు 7 మంది, సగానికి 7 నిమిషాలు అనే సెవెన్స్ పేజీ, నడుముకి ట్యాగులు (పట్టి పడేయడానికి బదులు అవతలివాళ్లు లాగేసే పట్టీలు) కట్టుకునే పేజీ బాగా కుదిరాయి. చిక్కంతా 6వ పేజీ దగ్గరే: పరిగెత్తేది ముందుకు, చేత్తో బంతి ఇవ్వాల్సింది పక్కకో వెనక్కో.

మొదట పక్క నుంచి చూసినట్టు ఒకే బొమ్మ గీసి రెండు బాణాలు పెట్టాం. చూపించిన 9 మందిలో 6 మంది బంతి బాణాన్నే పరుగు బాణం అనుకున్నారు. తర్వాత పైనుంచి చూసినట్టు మూడు గళ్లు వేశాం. వెనక ఉన్న పాప మూడో గడికల్లా బంతి అందుకుంటూ ముందుకొచ్చేస్తుంది కదా, దాంతో బంతి ముందుకే వెళ్లినట్టు కనిపిస్తోంది. బంతి దారిని చుక్కల గీత చేసినా అంతే. ఫొటోలో అయితే కదలికే తెలియట్లేదు.

ఇది తప్పుగా నేర్చుకుంటే మైదానంలో మొదటి రోజే విజిల్, స్క్రమ్ (రెండు జట్లూ గుంపుగా ఒకరినొకరు తోసుకుంటూ ఆట మళ్లీ మొదలుపెట్టడం) అవతలి జట్టుకి. పిల్ల మనసు అక్కడే విరిగిపోతుంది.

రంగు లేకుండా, ఒకే పేజీలో, పరుగు దిశా పాస్ దిశా వేరని పదేళ్ల పాపకి తెలిసేలా ఏ కోణం నుంచి, ఏ గుర్తుతో గీయాలి?