సీరియల్ లింక్‌కి రెండు వైపులా వేర్వేరు సబ్‌నెట్‌లు: పనిచేస్తుందా, చెయ్యదా?

ల్యాబ్_రాత్రులు:
రెండు సిస్కో రౌటర్లు, మధ్యలో సీరియల్ కేబుల్. ఆర్1కి 10.1.1.1/30, ఆర్2కి 10.1.1.5/30 ఇచ్చాను (/30 అంటే నాలుగు అడ్రస్‌లున్న చిన్న సబ్‌నెట్, అంటే అడ్రస్‌ల గుంపు). డీసీఈ (క్లాక్ ఇచ్చే) వైపు క్లాక్ రేట్ 64000 పెట్టాను. రెండు చోట్లా ఇంటర్‌ఫేస్ అప్, లైన్ ప్రోటోకాల్ కూడా అప్. సీడీపీలో (పక్కనున్న సిస్కో పరికరాన్ని చూపించే ప్రోటోకాల్) అవతలి రౌటర్ పేరు కనిపిస్తోంది, పింగ్ మాత్రం ఒక్కటీ పోవట్లేదు. మా ట్రైనర్‌ని అడిగితే ఒకే లింక్ మీద వేర్వేరు సబ్‌నెట్‌లు ఎట్టి పరిస్థితుల్లోనూ మాట్లాడుకోవు అంటారు. నా ఫ్రెండేమో రూట్ రాస్తే చాలు అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

మాస్క్_మాస్టారు:
ట్రైనర్ చెప్పిందే. .1 ఉన్నది 0 నుంచి 3 దాకా ఉన్న బ్లాకులో, .5 ఉన్నది 4 నుంచి 7 దాకా ఉన్న బ్లాకులో. ఇద్దరికీ ఉమ్మడి నెట్‌వర్క్ లేదు. ఆర్2కి 10.1.1.2 ఇవ్వండి, సమస్య తీరిపోతుంది. ఇందులో చర్చించడానికి ఏముంది?

ఫ్రేమ్_వేటగాడు:
చర్చ ఉంది మాస్టారూ. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్న మాట దగ్గరే ఉంది.

ఈథర్‌నెట్‌లో అయితే పక్కవాడి మ్యాక్ (హార్డ్‌వేర్) అడ్రస్ తెలియాలి, దానికోసం ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిదని అడిగి మ్యాక్ తెలుసుకునే పద్ధతి), ఏఆర్‌పీ అడగాలా వద్దా అని తేల్చుకోవడానికి సబ్‌నెట్ లెక్క. సీరియల్ లింక్ మీద ఏఆర్‌పీయే లేదు. సిస్కో సీరియల్ మీద డిఫాల్ట్‌గా ఉండే ఫ్రేమ్ పద్ధతి హెచ్‌డీఎల్‌సీ, దాని హెడర్‌లో అడ్రస్ ఫీల్డ్ ఉంది కానీ మామూలు యూనికాస్ట్ (ఒక్కరికే వెళ్లే) ప్యాకెట్ ఏదైనా సరే అందులో ఎప్పుడూ 0ఎక్స్0ఎఫ్ అనే ఒకే విలువ ఉంటుంది. ఎందుకంటే ఈ చివర తోసింది ఆ చివర రావాల్సిందే, మధ్యలో ఇంకెవరూ లేరు.

మరి పింగ్ ఎందుకు పోవట్లేదు? ఆర్1 రూటింగ్ టేబుల్ చూడండి. 10.1.1.0/30 ఒక్కటే ఉంటుంది. 10.1.1.5కి దారి లేదు కాబట్టి ప్యాకెట్‌ని ఆర్1 తనే పారేస్తోంది, అది కేబుల్ దాకా వెళ్లనే లేదు. ఆర్1 మీద 10.1.1.4/30కి, ఆర్2 మీద 10.1.1.0/30కి స్టాటిక్ రూట్ (చేత్తో రాసే దారి) రాయండి. నెక్స్ట్ హాప్ (తర్వాతి రౌటర్) ఐపీ ఇవ్వొద్దు, ఎగ్జిట్ ఇంటర్‌ఫేస్‌గా సీరియల్ పేరు ఇవ్వండి. ఒక్క వైపే రాస్తే రిక్వెస్ట్ చేరుతుంది గానీ రిప్లై అవతల చచ్చిపోతుంది, రెండు వైపులా రాయాలి.

లూప్‌బ్యాక్0:
పీపీపీ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఎన్‌క్యాప్సులేషన్‌ని (ప్యాకెట్‌ని ఫ్రేమ్‌లో చుట్టే పద్ధతిని) హెచ్‌డీఎల్‌సీ నుంచి పీపీపీకి మారిస్తే స్టాటిక్ రూట్ కూడా అక్కర్లేదు. లింక్ లేచేటప్పుడు ఐపీసీపీలో (పీపీపీలో ఐపీ సంగతి తేల్చే భాగం) రెండు రౌటర్లూ తమ ఐపీ అడ్రస్‌లు చెప్పుకుంటాయి, అవతలివాడి అడ్రస్‌కి ఐఓఎస్ (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) తనంతట తనే /32 హోస్ట్ రూట్ (ఆ ఒక్క అడ్రస్‌కే దారి) వేసేస్తుంది. దాన్ని పీర్ నైబర్ రూట్ అంటారు, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అందుకే ఒకాయన ల్యాబ్‌లో పనిచేసేది ఇంకొకాయన ల్యాబ్‌లో పనిచెయ్యదు. ఒకరిది పీపీపీ, ఇంకొకరిది హెచ్‌డీఎల్‌సీ, ఇద్దరూ సబ్‌నెట్ గురించి కొట్టుకుంటారు.

మాస్క్_మాస్టారు:
సరే, పింగ్ పోయింది. తర్వాత? రౌటర్లు దారులు తామే పంచుకునే రూటింగ్ ప్రోటోకాల్స్ చూడండి. ఈఐజీఆర్‌పీ పెట్టండి, నైబర్ కామన్ సబ్‌నెట్‌లో లేడని మెసేజ్ కొడుతూనే ఉంటుంది, నైబర్‌షిప్ రాదు. రిప్ పెడితే అవతల నుంచి వచ్చిన అప్‌డేట్ సోర్స్ అడ్రస్ తన నెట్‌వర్క్‌లో లేదని పక్కన పడేస్తుంది. ఈబీజీపీ అయితే, హెచ్‌డీఎల్‌సీ మీద మీ స్టాటిక్ రూట్ ఉన్నా సరే, పీర్ డైరెక్ట్‌గా కనెక్ట్ అయిలేడని సెషన్ మొదలే పెట్టదు. పింగ్ పోవడం, నెట్‌వర్క్ నడవడం ఒకటి కాదు నాయనా. అందుకే పిల్లలకి ఒకే సబ్‌నెట్ అని చెప్తాం.

ఫ్రేమ్_వేటగాడు:
మీరు చెప్పిన మూడూ కరెక్టే. కానీ అవన్నీ ఆ ప్రోటోకాల్స్ పెట్టుకున్న చెక్‌లు, లింక్ పెట్టిన అడ్డు కాదు. రిప్‌లో వాలిడేట్ అప్‌డేట్ సోర్స్ తీసేస్తే ఆ అప్‌డేట్ తీసుకుంటుంది. ఈబీజీపీకి మల్టీహాప్ ఇస్తే సెషన్ వస్తుంది. ఓఎస్‌పీఎఫ్ సంగతి చూస్తే, 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 2328లోనే పాయింట్ టు పాయింట్ లింక్ మీద హలోలో (నైబర్‌ని పలకరించే ప్యాకెట్‌లో) వచ్చే మాస్క్‌ని (సబ్‌నెట్ సైజుని) పట్టించుకోవద్దని రాసి ఉంది.

అసలు ఐపీ అన్‌నంబర్డ్ అంటే ఏంటి మాస్టారూ? సీరియల్‌కి సొంత అడ్రస్ లేకుండా లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్) అడ్రస్ అరువు తెచ్చుకుంటుంది. ఇటు లూప్‌బ్యాక్ ఒక సబ్‌నెట్, అటుది ఇంకో సబ్‌నెట్. మనం ఇక్కడ తిడుతున్న పనే కదా అది! దానికి కమాండ్ ఉంది కాబట్టి ఎవరూ తప్పనరు.

ఐపీవీ6కి వస్తే ఈ గొడవే లేదు. ఓఎస్‌పీఎఫ్‌వీ3 (ఐపీవీ6కి వాడే ఓఎస్‌పీఎఫ్) లింక్ లోకల్ (ఆ లింక్ మీదే పనిచేసే) అడ్రస్‌లతో మాట్లాడుకుంటుంది, గ్లోబల్ ప్రిఫిక్స్ కలవకపోయినా నైబర్లు అవుతాయి. అది సబ్‌నెట్‌ని కాకుండా లింక్‌ని లెక్కలోకి తీసుకుంటుందని ఆర్‌ఎఫ్‌సీ 5340లో విడిగా చెప్పారు కూడా.

కేబుల్_కిట్టు:
చిన్న డౌట్ అన్నా. అడ్రస్‌లు పొదుపు చెయ్యడానికేనా ఇదంతా?

లూప్‌బ్యాక్0:
పొదుపే కావాలంటే /31 ఉంది తమ్ముడూ. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 చెప్పింది అదే, పాయింట్ టు పాయింట్ లింక్‌కి రెండు అడ్రస్‌లు చాలని. సీరియల్‌కి /24 (256 అడ్రస్‌లు) ఇచ్చేవాళ్లని చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. అందులో ఎవరూ వాడని అడ్రస్‌కి పింగ్ కొట్టండి, నాది కాదంటే నాది కాదని రెండు రౌటర్లూ ఆ ప్యాకెట్‌ని టీటీఎల్ (ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా అటూ ఇటూ విసురుకుంటాయి.

ల్యాబ్_రాత్రులు:
రెండూ చేసి చూశాను. హెచ్‌డీఎల్‌సీ మీద ఒక వైపు రూట్ రాస్తే పింగ్ రాలేదు, రెండో వైపు కూడా రాయగానే వచ్చేసింది. ఆ రూట్లు తీసేసి పీపీపీ పెట్టాను. ఒక వైపు మాత్రమే మార్చినప్పుడు లైన్ ప్రోటోకాల్ డౌన్, రెండు వైపులా మారాక లేచింది, ఆర్1 టేబుల్‌లో 10.1.1.5/32 కనెక్టెడ్ అని కనిపించింది, పింగ్ కూడా పోతోంది. మరి పరీక్షలో ఏం రాయాలి?

మాస్క్_మాస్టారు:
నా మాట మీద నేనున్నా. నా నెట్‌వర్క్‌లో ఎవరైనా ఇలా పెడితే మార్పించేస్తా. అర్ధరాత్రి లింక్ పడిపోయినప్పుడు వచ్చేవాడు .1 చూసి అవతల .2 ఉంటుందనుకుంటాడు, .5ని వెతుక్కుంటూ కూర్చోడు.

ఫ్రేమ్_వేటగాడు:
మార్పించండి, నేనూ మార్పిస్తా. డిజైన్‌గా చెత్తే అది, నేనేం సమర్థించట్లేదు. పనిచెయ్యదు అని చెప్పడం మాత్రం తప్పు.

ల్యాబ్ బ్రదర్, పరీక్షలో రూటింగ్ టేబుల్ చూపించకుండా ఆప్షన్లలో "సబ్‌నెట్ కలవలేదు" అని ఉంటే మాట్లాడకుండా దాన్నే టిక్ చెయ్యండి. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ముందు ఎన్‌క్యాప్సులేషన్ ఏంటో అడగండి, ఆ తర్వాత జవాబు చెప్పండి.