అప్‌డేట్: ఐలా విస్కీలో పొగ వాసన, నీళ్ల సంగతి

స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీకి ఆ పొగ వాసన ఎక్కడిది, నీళ్లు కలపవచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆ దీవిలో విస్కీ తయారుచేసే బోమోర్ డిస్టిలరీ చూసి వచ్చాను. 1779 నాటి ఆ డిస్టిలరీలో నానబెట్టిన బార్లీని ఇప్పటికీ నేల మీద పరిచి, మొలకలు చిక్కుపడకుండా చెక్క పారలతో తిరగేస్తారు. తర్వాత చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్‌ను (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన, మండే మట్టి) గింజల కింద రాజేస్తారు. పొగ గింజకు పట్టేది అక్కడే. ఎంత శ్రద్ధగల పని!

ఇక నీళ్లు. కొద్ది చుక్కలు వేయగానే ఘాటు తగ్గి, పొగ వెనక నుంచి తేనె, నిమ్మతొక్క వాసనలు తేలాయి. ఐస్ మాత్రం వద్దు, వాసనలన్నీ అణగిపోతాయి. షెర్రీ (ఒక రకం స్పెయిన్ వైన్) పీపాల్లో మగ్గిన విస్కీ రకాలకూ ఇంతే నీళ్లు సరిపోతాయా? తెలిసినవారు చెప్పండి.