నాలుగు ఎస్సెస్డీల కార్డులో ఒక్కటే కనిపిస్తోంది

పర్లాకిమిడి స్టూడియో:
అన్నలూ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కంప్యూటర్లో బీ550 మదర్‌బోర్డు, రైజెన్ 5600జీ ప్రాసెసరు. నాలుగు ఎన్వీఎంఈలు (వేగంగా పనిచేసే చిన్న ఎస్సెస్డీ డ్రైవులు) పట్టే కార్డు బరంపురంలో కొని పొడుగు పీసీఐఈ స్లాటులో పెట్టాను. ఒక్క డ్రైవే వస్తోంది. కార్డు పోయిందా? మాఘం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి.

రాయగడ రిపేరు:
కార్డు బాగానే ఉండుంటుంది తమ్ముడూ. చవక కార్డుల్లో లేన్లను (డేటా వెళ్లే దారులను) డ్రైవులకు పంచే స్విచ్ చిప్పుండదు. స్లాటులోని పదహారు లేన్లను బోర్డే విడగొట్టాలి. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) పీసీఐఈ బైఫర్కేషన్, అంటే లేన్లు విడగొట్టే సెట్టింగు వెతుకు, ఆటో తీసేసి 4-4-4-4 పెట్టు.

గుణుపురం కుర్రోడు:
ఆగన్నా, 5600జీ అంటున్నాడు కదా! ఆ ప్రాసెసరుకి 8-4-4 వరకే, అంటే మూడు ముక్కలే. మూడే వస్తాయి. మామూలుగా కార్డులో రెండో స్లాటు ఖాళీ వదలాలి. దాని పీసీఐఈ జెన్3 (మూడో తరం) కాబట్టి ఒక్కోటి సెకనుకు మూడున్నర జీబీ దాకా చదువుతుంది, 4కే ఎడిటింగుకి అదే ఎక్కువ. స్విచ్ చిప్పున్న కార్డుకి ఈ బాధ లేదు గానీ, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

పర్లాకిమిడి స్టూడియో:
మూడూ వచ్చాయి! నాలుగోది బోర్డు మీదున్న ఎం.2 స్లాటులో పెట్టేశా. అన్నీ కలిపి ఒకే పెద్ద డ్రైవులా రైడ్ జీరో చేసేదా?

రాయగడ రిపేరు:
వద్దు బాబూ. ఒక్క డ్రైవు పోతే పెళ్లంతా పోతుంది, పెళ్లికూతురి నాన్న నీ షాపు ముందు కూర్చుంటాడు. విడివిడిగానే వాడు, కాపీ మాత్రం వేరే హార్డ్‌డిస్కులో ఉంచు.