లాస్ట్ బట్ టూ అంటే చివరి నుంచి రెండోదా, మూడోదా?

పల్లకి:
ఒక అనువాదం దిద్దుతున్నాను. మూలంలో "లాస్ట్ బట్ టూ" అని ఉన్నచోట తెలుగులో "చివరి నుంచి రెండో అధ్యాయం" అని పడింది. నా లెక్క ప్రకారం అది మూడోది. దాన్ని దిద్దేశాను కానీ, అక్కడి నుంచి ఇంకోటి పట్టుకుంది. చివరిదానికి ముందున్నదాన్ని చెప్పే పాణిని సూత్రం ఉంది కదా, "...అంత్యాత్ పూర్వ ఉపధా" అని. మొదట్లో చిన్న ముక్క ఏదో ఉంది, ఎంత గుంజుకున్నా నోటికి రావట్లేదు. అదేమిటి? అలాగే లాస్ట్ బట్ వన్‌కి తెలుగులో ఒక్క మాట ఉందా, ప్రతిసారీ "చివరి నుంచి రెండో" అని సాగదీయాల్సిందేనా?

రేఫ:
"అలోంత్యాత్ పూర్వ ఉపధా", అష్టాధ్యాయి 1.1.65. మీరు మర్చిపోయింది "అలః". షష్ఠి.

వలపలగిలక:
రేఫ గారూ, షష్ఠి ఎలా అవుతుందండీ? మీరు చెప్పేది 1.1.52, "అలోంత్యస్య". అక్కడ షష్ఠి. ఇక్కడ పక్కన "అంత్యాత్" ఉంది కాబట్టి అలః కూడా పంచమే. రెండు విభక్తుల్లోనూ రూపం ఒకటే కనుక ఈ పొరపాటు చాలామందికి వస్తుంది. అంత్యమైన వర్ణం (విడి ధ్వని) కంటే ముందున్నది ఉపధ, అంతే.

రేఫ:
పంచమే అనుకుందాం. అప్పుడు "పూర్వ" అంటే ఎంత పూర్వం? సరిగ్గా ముందున్న ఒక్కటా, ముందున్న గుంపంతానా? మహాభాష్యంలో పెద్ద చర్చే ఉంది దీనిమీద. శాస్ ధాతువులో ఉపధ ఒక్క ఆకారమే, అది ఇకారమైతేనే శిష్టః వస్తుంది. "శా" మొత్తం ఉపధ కాకూడదు. చివరిదానికి ముందు అన్నంత మాత్రాన పని తీరదు, ఆనుకుని ఉన్నది అని ఎక్కడో ఒకచోట చెప్పి తీరాలి. పల్లకి గారి అనువాదకుడు తడబడింది కూడా ఇలాంటి చోటే అని నా అభిప్రాయం.

తొలకరి:
కాదండీ, ఆయన తడబడింది "బట్" దగ్గర. అక్కడ బట్ అంటే "కానీ" కాదు, "తప్ప". రెండు తప్పించి చూస్తే చివరిది ఏదో అదే లాస్ట్ బట్ టూ. అందుకే మూడోది. అదే స్థానాన్ని "థర్డ్ టు లాస్ట్" అన్నప్పుడు చివరిదాన్ని కూడా లెక్కలో కలుపుకుంటారు. ఒకే చోటికి ఒక మాటలో రెండు, ఇంకో మాటలో మూడు. అంకె కనబడగానే దాన్ని తెలుగులోకి దించేస్తే ఒకటి తేడా కొట్టకుండా ఎలా ఉంటుంది? ఇలాంటివాటికి నేనైతే ముందు వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ తర్వాతే వాక్యం రాస్తాను. "నెక్స్ట్ బట్ వన్" కూడా ఇంతే, పక్కది వదిలేసి ఆ పక్కది.

అరసున్న:
"పెనల్టిమేట్"ని మర్చిపోతున్నారు. లాటిన్లో పైనే అంటే దాదాపు, ఉల్తిముస్ అంటే చివరిది. దాదాపు చివరిది. దాన్ని "చిట్టచివరిది" అనో "అన్నిటికన్నా గొప్పది" అనో వాడేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. టీ20లో పెనల్టిమేట్ ఓవర్ అంటే 19వది, 20వది కాదు.

ఇక తెలుగు మాట సంగతి. చిన్నయసూరి కడాదులు, అంటే "కడ" మొదలైన మాటలు, ఒకసారి గుర్తు చేసుకోండి. మొట్టమొదట, నట్టనడుమ, కట్టకడ, తుట్టతుద, చిట్టచివర. వరసలో తెలుగు నొక్కి చెప్పిన స్థానాలు మూడే, మొదలు, నడుమ, చివర. చివరిదానికి ముందుదాన్ని ఎవరూ నొక్కి చెప్పలేదు. ఉపాంత్యం అనే సంస్కృత పదమే దిక్కు, అది కూడా ఎవరి నోటా పలకదు.

తొలకరి:
రోజుల విషయంలో ఉంది కదండీ! నిన్నకు ముందుది మొన్న. రేపటి తర్వాతది ఎల్లుండి. నిన్న నుంచి రెండోరోజు అని ఎవరూ అనరు. చక్కటి ఒంటి మాటలు.

రేఫ:
మొన్న వదులు మాట. "మొన్నామధ్య" అన్నప్పుడు అది ఏ రోజో ఎవరు చెప్పగలరు? ఎల్లుండికి ఆ వదులు లేదు. జరిగినదానికి వదులు, జరగబోయేదానికి బిగువు. దీనిమీద వేరే చర్చ పెట్టాలి.

పల్లకి:
ఉపధకే వస్తాను. తెలుగులో మనిషి, బహువచనంలో మనుషులు అయినప్పుడు "ని" కాస్తా "ను" అవుతోంది కదా, దాన్ని ఉపధలో మార్పు అనవచ్చా?

వలపలగిలక:
అనకూడదు. మనిషిలో చివరి వర్ణం ఇకారం, దానికి ముందున్నది ష్. ఉపధ ఆ ష్. మీరు చూస్తున్న "ని" చివరి నుంచి రెండో అక్షరం, రెండో వర్ణం కాదు. అక్షరాలు లెక్కపెడుతున్నామా, వర్ణాలా అని ముందు తేల్చుకోవాలి. పాణిని రెంటికీ రెండు పేర్లు పెట్టుకున్నాడు, వర్ణమైతే ఉపధ, అక్షరమైతే ఉపోత్తమం, పైగా రెంటినీ ఒకే సూత్రంలో వాడాడు: "యోపధాద్గురూపోత్తమాద్వుఞ్", 5.1.132. రమణీయ చూడండి. ఉపధ యకారం, ఉపోత్తమం గురువైన "ణీ". అందుకే రామణీయకం. మనం పద్యాల్లో ఎన్నిసార్లు చదివిన మాట! ఒకే పదంలో రెండు రకాల లాస్ట్ బట్ వన్‌లు పక్కపక్కనే ఉన్నాయి.

అరసున్న:
ఉపోత్తమం అన్నారు కాబట్టి ఒకటి. ఉత్తమ అంటే అక్కడ చివరిది. ఉత్తమ పురుష కూడా అంతే, ప్రథమ, మధ్యమ, ఉత్తమ అని వరసలో చివర వస్తుంది. ఇంగ్లీషు వరస సరిగ్గా తిరగేసి ఉంటుంది. వాళ్ల ఫస్ట్ పర్సన్ మనకు ఉత్తమ పురుష. కథల మీద రాసేవాళ్లు "ప్రథమ పురుష కథనం" అని పెట్టి, లోపల "నేను" అని చెప్పే కథ గురించి రాస్తుంటారు. లాస్ట్ బట్ టూ కంటే ఇది పెద్ద ప్రమాదం, అక్కడ ఒక అధ్యాయమే తప్పుతుంది, ఇక్కడ కథ చెప్పేవాడే మారిపోతాడు.

తొలకరి:
తుది, చివర అనుకుంటూ పోతనను వదిలేస్తే ఎలా? గజేంద్రమోక్షంలో "లోకంబులు లోకేశులు లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల". లోకాలు, లోకేశులు, లోకస్థులు, ఆ తర్వాత చీకటి, దానికీ అవ్వల ఒకడు. పోతన వరసలో లాస్ట్ బట్ వన్ పెంజీకటే! ఆ పద్యం ఎప్పుడు చదివినా "కవ్వల" దగ్గర ఒళ్లు జలదరిస్తుంది నాకు.

రేఫ:
ఒప్పుకోను. అవ్వల ఉన్నవాడు వరసలో ఒకడు కాదు. వరసంతా తెగిపోయాకే ఆయన ప్రసక్తి. ఆయన్ను చివరివాడిగా లెక్కపెడితే పద్యం చిన్నదైపోతుంది.

వలపలగిలక:
ముందు పాఠం తేల్చండి. "తెగిన తుది" అని చదువుతున్నారా, "తెగినఁ దుది" అనా? మొదటిదైతే తెగిన అన్నది తుదికి విశేషణం, అవి తెగిపోయిన ఆ చివర అని. రెండోదైతే తెగినన్, తుదిన్ అని రెండు ముక్కలు: అవి తెగితే, అప్పుడు చివరన. త, ద ఒక్క అక్షరమే తేడా. నాకు రెండోదే ఇష్టం. తుది అక్కడ ఒక చోటు కాదు, ఒక సమయం అవుతుంది, అప్పుడు రేఫ గారి మాట నిలుస్తుంది.

తొలకరి:
మా నాన్నగారు "తెగిన తుది" అనే చదివేవారు. చెవికి అదే అలవాటు. అయినా రెండు పాఠాల్లోనూ "తుదిన్ అలోకంబు" అన్న ద్రుతం ఉంది కదా, చివరన అనే అర్థం ఎక్కడికీ పోదు.

వలపలగిలక:
పోదు. కానీ ఏది చివరన అన్నది మారుతుంది.

పల్లకి:
అందరికీ ధన్యవాదాలు. పుస్తకంలో "చివరి నుంచి మూడో అధ్యాయం" అనే ఉంచాను. ఒంటి మాట మాత్రం ఇంకా దొరకలేదు. "కడముందు" అంటే ఎలా ఉంటుంది?

అరసున్న:
కడకు ముందా, కడ ముందా? సమాసం విప్పి చెప్పండి, అప్పుడు చూద్దాం.