50 లక్షలు దాటింది 80 వేలే, మార్జినల్ రిలీఫ్ సున్నా ఏటండీ?

ఎండాడ 22: పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్నా. 2025-26 ఆదాయానికి రిటర్ను వేస్తున్నా, కొత్త పన్ను విధానంలో. మొత్తం ఆదాయం 50,80,000. 50 లక్షలు దాటితే పన్ను మీద వేసే సర్‌ఛార్జి 58,350 పడింది, కొంచెమే దాటినోళ్లకి దాన్ని తగ్గించే మార్జినల్ రిలీఫ్ గడిలో సున్నా. వేల కోట్లున్నోళ్లని వదిలేసి మన మీద పడతారేటి?

గాజువాక గుమాస్తా: 50 లక్షలకు పన్ను 10,80,000. మీ ఆదాయానికి 11,04,000, దాని మీద పది శాతం 1,10,400. కానీ రెండూ కలిపి 10,80,000 ప్లస్ 80,000 దాటకూడదు. అంటే సర్‌ఛార్జి 56,000కే ఆగాలి. మీకు 58,350 అంటే అసలు పన్ను 5,83,500. ఒట్టి జీతానికి అంత తక్కువ రాదు. ఏం చెప్పలేదు?

ఎండాడ 22: మధురవాడలో ప్లాటు అమ్మాను, 43 లక్షలకి. లాభం 31. ఆదాయం ఆదాయమే కదండీ?

ద్వారకానగర్ పద్దు: అక్కడే ఉంది కిటుకు! జీతం 5 కోట్లు దాటితే పైరూపాయి మీద సెస్‌తో 39 శాతం. స్టాక్‌మార్కెట్ షేర్లు ఏడాది దాటాక అమ్మితే 12.5, సర్‌ఛార్జి 15 దగ్గరే ఆగుతుంది, అంతా కలిపి 14.95. అమ్మకుండా కూర్చుంటే సున్నా. 2015లో సంపద పన్ను ఎత్తేసి చెడగొట్టారు.

లెక్కల మాస్టారు: ఆ పన్నులోంచి షేర్లు 1993-94 మదింపు సంవత్సరం (పన్ను లెక్కకట్టే ఏడాది) నుంచే బయట. ఇళ్లు, నగలు, కార్ల లాంటి వాటి మీదే పడేది.

ద్వారకానగర్ పద్దు: షేర్లని కలిపి మళ్లీ తేవాలంటున్నా.

సీతమ్మధార: సెస్సూ సర్‌ఛార్జీ ఒకటేగా?

లెక్కల మాస్టారు: కాదు. సర్‌ఛార్జి పన్ను మీద. సెస్ 4 శాతం ఆ రెండూ కలిపిన మొత్తం మీద. రెండిట్లోనూ రాష్ట్రానికి పైసా వాటా రాదు, అది అడగరెవరూ.

గాజువాక గుమాస్తా: అసలు విషయానికొద్దాం. జీతం 19.8 లక్షలకు 1,96,000, లాభానికి 12.5 శాతంతో 3,87,500. సర్‌ఛార్జితో 6,41,850. జీతంలోంచి 80 వేలు తీసేస్తే 50 లక్షలకు పన్ను 5,67,500. దానికి 80,000 కలిపితే హద్దు 6,47,500. హద్దు లోపలే ఉన్నారు, రిలీఫ్ రాదు. ఆ 80 వేలు లాభంలోంచి తీసినా అంతే. ప్లాటు ఎప్పుడు కొన్నారు?

ఎండాడ 22: 2010-11. 12 లక్షలు.

గాజువాక గుమాస్తా: 23-7-2024కు ముందు కొన్న స్థలం కదా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ధరల సూచీ ప్రకారం పెంచి) వచ్చే 20 శాతం పన్నుతో పోల్చి చూడాలి. 12 లక్షలు × 376 ÷ 167 (అమ్మిన, కొన్న ఏడాదుల సూచీలు) = 27,01,796. తేడా 15,98,204 మీద 3,19,641. 3,87,500లో దీనికన్నా ఎక్కువైంది వదిలేస్తారు. కానీ ఆదాయం 50.8 లక్షలుగానే ఉంటుంది, కాబట్టి పది శాతం సర్‌ఛార్జి పోదు. రిటర్నులో అమ్మకం లాభాలు రాసే క్యాపిటల్ గెయిన్స్ షెడ్యూల్లో కొన్న తేదీ ఖాళీగా ఉందేమో చూడండి.

ఎండాడ 22: తేదీ వేయలేదు. వేశాక తగ్గింది. థాంక్సండీ.

ద్వారకానగర్ పద్దు: సంపద పన్ను గురించి నా మాటకి జవాబేదీ?