మందులు ఉచితంగా ఇచ్చినా మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారు?

ప్రశ్న: మందుల_గది

నేను ఒక చిన్న ఆసుపత్రిలో మందులిచ్చే గదిలో పనిచేస్తున్నాను. నెల రోజులకు రాసిన చీటీ చేతికిచ్చి, పక్కవాళ్లకు వినపడకుండా “ప్రస్తుతానికి ఐదు రోజులకు ఇవ్వండి” అని అడిగేవాళ్లు రోజూ వస్తారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, ఒక్కోసారి యాంటీబయాటిక్ కూడా. స్ట్రిప్ కత్తిరించి ఇస్తాను. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మా దగ్గరే ఉండిపోతుంది. మిగిలినవి ఇంకొకరికి ఇవ్వాలంటే అది ఉండాలి కదా. ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్లేది పేరూ తేదీ లేని వెండి రేకు ముక్క. కొన్నాళ్లకు మరో డాక్టరు “ఏ మాత్ర వాడుతున్నావు?” అని అడిగితే చూపించడానికి ఉన్నది అదే.

అయితే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది వేరు. కొన్ని మందులు మేం పైసా తీసుకోకుండా ఇస్తాం. అవి తీసుకునేవాళ్లు కూడా కొన్ని నెలలకు కనిపించడం మానేస్తారు. మళ్లీ వచ్చేటప్పటికి కాలికి మానని పుండో, పక్షవాతమో ఉంటుంది. కేసు షీటులో “మందులు సరిగా వాడలేదు” అని రాసి ముగిస్తారు. అది అన్యాయమని నా మనసుకు తెలుస్తోంది. కానీ ఎవరైనా “ఉచితమే కదా, రావడానికేం?” అంటే ఏం చెప్పాలో తోచడం లేదు. దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి. నా కౌంటరు దగ్గర నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

విశ్రాంత_నర్సు

ఉచితమైనది మాత్ర ఒక్కటే. ఆ మాత్ర దాకా రావడానికి అయ్యే ఖర్చు రోగిదే. రోజు కూలీ మీద బతికే మనిషి ఓపీకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవాళ్లదీ పోతుంది. డాక్టరు చూసి రక్తపరీక్ష రాస్తారు. పరగడుపున ఇవ్వాలి, రేపు రమ్మంటారు. రిపోర్టు ఆ మర్నాడు. ఆ మర్నాడు ఆ డాక్టరు ఉండరు. నా ఉద్యోగమంతా ఓపీలోనే గడిచింది. ఇంటికి వెళ్లిపోదామా, ఇంకాసేపు ఆగుదామా అని గోడ గడియారం వైపు చూసే ముఖాలు నాకు బాగా తెలుసు.

గర్భిణుల మరణాల మీద థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు. వెళ్లాలని తేల్చుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. అది కాన్పులకే కాదు, నేను చూసిన చాలా జబ్బులకు సరిపోతుంది. ఇంకో సంగతి కూడా గమనించాను. మూడో ఆలస్యమే తర్వాతిసారి మొదటి ఆలస్యం అవుతుంది. పొద్దంతా నిలబెట్టి, చివరికి గసిరి పంపిన చోటికి మళ్లీ జ్వరం వస్తే ఎవరు తొందరపడి వెళ్తారు?

నిక్కచ్చి

నాది వేరే అభిప్రాయం. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ లెక్కచేయరు. కొంచెమైనా రుసుము పెడితే బాధ్యత తెలుస్తుంది. మందులకు డబ్బుల్లేవనే మనిషి చేతిలో ఫోను మాత్రం ఉంటుంది, దానికి రీఛార్జి కూడా ఉంటుంది.

కుట్టుపని_చేసే_మనిషిని

ఫోను సంగతి ముందు చెప్తాను. నేను బట్టలు కుడతాను. పని వచ్చేది ఆ ఫోనుకే. మా ఆయనకు “రేపు పని ఉంది, రా” అని కబురు వచ్చేదీ దానికే. అది మూగబోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. దాన్ని మా విలాసంగా లెక్కేయకండి.

మా ఆయనకు షుగరు. ఇన్సులిన్ ఉచితంగానే ఇచ్చేవాళ్లు. మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలని కాగితం మీద రాసి ఉంది. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, రేకుల కప్పు కింద ఒక్క గది. రెండు నెలలకు సరిపడా సీసాలు తెచ్చి గూట్లో పెట్టుకున్నాం. ఎండలు ముదిరాక ఎంత పొడిచినా షుగరు దిగలేదు. ఆసుపత్రిలో “తిండి అదుపులో లేదు” అని మందలించి డోసు పెంచారు. సీసా ఎక్కడ పెడుతున్నారని ఎవరూ అడగలేదు. ఆ పెంచిన డోసుతో, ఆసుపత్రి నుంచి అప్పుడే తెచ్చిన కొత్త సీసా మొదలుపెట్టిన వారంలోనే, ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా పడి ఉన్నాడు. ఈసారి మందు ఎండకు పాడవనిది కావడంతో షుగరు ఒక్కసారిగా పడిపోయింది. పక్కింటావిడ పంచదార నీళ్లు తెచ్చింది. స్పృహ లేనివాడి నోట్లో పోయకూడదని ఎవరో ఆపారు, అంతలో బండి దొరికింది. బతికాడు. ఆ తర్వాత నెలల తరబడి సూది పట్టుకోవాలంటే వణికేవాడు. కొన్ని రోజులు మానేశాడు. కేసు షీటులో మా గురించి కూడా ఆ వాక్యమే రాసి ఉంటారు.

ప్రాణం పోవడం, ఉండడం మాత్రమే కాదండీ. పన్ను సలుపుతుంటే ఒక పక్కనే నమలడం అలవాటైపోతుంది. నడుం నొప్పి నొప్పిగా అనిపించడం మానేస్తుంది. నాకు నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం పని ఒప్పుకోవడం మానేశాను. పని తగ్గింది. చూపు తగ్గడం జబ్బని, దానికోసం ఎవరికైనా చూపించుకోవచ్చని నాకు తట్టనే లేదు. ఒక శిబిరంలో దగ్గరి చూపు అద్దాలు ఇస్తే తెలిసింది.

ప్రజారోగ్యం_చదువుతున్నాను

అమ్మా, మీ కళ్లద్దాల మాటకు రుజువు ఉంది. అస్సాంలో తేయాకు కోసే కార్మికులకు మామూలు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూశారు. 2018లో ఆ అధ్యయనం అచ్చయింది. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే వాళ్ల పని దాదాపు 22 శాతం పెరిగింది.

నిక్కచ్చి గారూ, రుసుము పెడితే బాధ్యత వస్తుందన్న నమ్మకాన్ని పరీక్షించి చూశారు. కెన్యాలో గర్భిణులకు దోమతెరలను కొందరికి ఉచితంగా, కొందరికి చిన్న మొత్తానికి ఇచ్చారు. ధర పెట్టిన చోట తీసుకునేవాళ్లు బాగా పడిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు మాత్రం వాడకంలో ఏమాత్రం వెనకబడలేదు. కోహెన్, డూపా అనే పరిశోధకులు 2010లో దీన్ని ప్రచురించారు. అమెరికాలో 1970లలో ర్యాండ్ సంస్థ మొదలుపెట్టిన పెద్ద బీమా ప్రయోగంలోనూ, సొంత ఖర్చు పడిన కుటుంబాలు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ మానుకున్నాయి.

అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. చాలా అధ్యయనాల్లో, కుటుంబ ఖర్చులో 10 శాతం మించి వైద్యానికి పోతే దాన్ని మోయలేని భారంగా లెక్కించారు. కానీ డబ్బుల్లేక ఆసుపత్రికే వెళ్లని మనిషి ఖర్చు ఆ లెక్కలో సున్నా. ఏ భారమూ లేనివాడిలా కనిపిస్తాడు. పోయిన కూలి కూడా అందులోకి రాదు. క్షయ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేరు. ప్రయాణాన్నీ, పోయిన ఆదాయాన్నీ కలిపి, ఏడాది ఆదాయంలో 20 శాతం దాటుతుందా అని చూస్తుంది. మందులు చాలా దేశాల్లో ఉచితమే. అయినా ఈ లెక్కతో చేసిన సర్వేల్లో దాదాపు సగం కుటుంబాలు ఆ గీత దాటుతున్నాయి. మందుల గది వారు అడిగిన “రావడానికేం?” అనే ప్రశ్నకు నేనైతే ఈ ఒక్క అంకె చెప్తాను.

మందుల_గది

అందరికీ ధన్యవాదాలు. సీసా ఎక్కడ పెడుతున్నారని నేనూ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. రేపటి నుంచి అడుగుతాను. ఇంకా ఏం చేయమంటారు, నర్సమ్మ గారూ?

విశ్రాంత_నర్సు

స్ట్రిప్ కత్తిరించినప్పుడు చిన్న కవరు మీద మందు పేరు, మోతాదు, గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసివ్వండి. చదవలేనివాళ్లకు సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేయండి. సగం మందులే కొంటామంటే వాళ్లంతట వాళ్లు రోజు విడిచి రోజు వేసుకోకుండా, ఏది ఆపితే ప్రమాదమో డాక్టరును అడిగి చెప్పండి. మూర్ఛ మాత్రలు, కొన్ని గుండె మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. అదే మందు చవక కంపెనీది ఉంటే చీటీ మార్చి రాయమని మీరే అడగండి, రోగి అడగలేడు.

జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి మూడు నెలల మందులు ఇవ్వడానికి మీ పెద్దలను ఒప్పించండి. హెచ్ఐవీ మందులను ఇప్పుడు చాలా చోట్ల అలాగే మూడు నుంచి ఆరు నెలలకు ఇస్తున్నారు. ఇన్సులిన్ వాళ్లకు మాత్రం అలా ఇవ్వకండి. ఫ్రిజ్ లేదంటే ఒక్కొక్క సీసా ఇచ్చి, మిగతావి వాళ్ల పేరు రాసి మీ ఫ్రిజ్‌లో ఉంచండి. వాడుతున్న సీసాను తడిపిన మట్టి కుండలో, నీళ్లు తగలకుండా, నీడలో పెట్టుకోమనండి. మూత తీసిన సీసా సుమారు నాలుగు వారాలకు మించి వాడకూడదు. తీసిన తేదీ సీసా మీదే రాయించండి.