మానుతున్న పుండును కెలకాలా? పీటీఎస్‌డీకి మాటల వైద్యం సంగతి

గోపాలపట్నం తమ్ముడు:
మా బావది విశాఖలోని వెంకటాపురం. 2020 మే 7న తెల్లారుజామున ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు కమ్మినప్పుడు అక్కనీ పాపనీ తీసుకుని చీకట్లో పరుగెత్తాడు. ముగ్గురూ బతికారు. కానీ ఇప్పటికీ మూడింటికి మెలకువొస్తుంది, లేచి కిటికీ దగ్గర వాసన చూస్తాడు. పడుకునే ముందు వంటగ్యాస్ రెగ్యులేటర్ ఊడదీసి మంచం కింద పెట్టుకుంటాడు. పొద్దున టీ పెట్టాలంటే అక్క దాని కోసం వంగి వెతుక్కోవాలి. డాక్టరు గారు పీటీఎస్‌డీ అన్నారు, అంటే ఘోరం జరిగిపోయాక కూడా మనసును వదలని జబ్బు. థెరపీకి రాశారు. అక్కడ ఆ రాత్రంతా మళ్ళీ చెప్పిస్తారట. మానుతున్న పుండును కెలకొద్దని మా అమ్మ గొడవ. ఏం చేయమంటారు?

భీమిలి రోడ్:
అమ్మ మాటే వినండి. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా ఇంటి పైకప్పు లేచిపోయింది. వారం తర్వాత ఎవరో వచ్చి మమ్మల్ని గుంపుగా కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత జరిగింది చెప్పించారు. మా నాన్న చెప్తూ చెప్తూ వణికిపోయాడు. వాళ్ళు వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు.

వాల్తేరు సిస్టర్:
భీమిలి రోడ్ గారూ, మీ నాన్నగారికి జరిగింది తప్పే. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఒక్క పూట చెప్పించి వదిలేస్తే పీటీఎస్‌డీ రాకుండా ఆగదని, కొందరికి బాధ పెరగొచ్చని పరిశోధనల్లో తేలింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా దాన్ని వద్దనే అంటాయి. కానీ తమ్ముడి బావకి రాసింది అది కాదు.

ఆ రాత్రిని మళ్ళీ చెప్పించే థెరపీల్లో ఒకటి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. అందులో వారానికోసారి, గంటన్నర చొప్పున, రమారమి 8 నుంచి 15 సార్లు కూర్చుంటారు. కళ్ళు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. పదోసారి వినేసరికి గుండె మొదటిసారి కొట్టుకున్నట్టు కొట్టుకోదు. అది అయిపోయిన సంగతి అని ఒంటికి తెలిసొస్తుంది. దాంతోపాటు తప్పించుకు తిరిగేవాటికి కొద్దికొద్దిగా దగ్గరవ్వాలి. మీ బావగారైతే రెగ్యులేటర్‌ని ఒక రాత్రి వంటింట్లోనే ఉంచి పడుకోవడం అన్నమాట. ఇంకో థెరపీ సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ), సాధారణంగా 12 సార్లు. మనసులో గుచ్చుకున్న మాటను బయటికి తీసి, అది నిజమేనా అని విచారిస్తారు. ‘అందరూ పోయారు, నేనెందుకు మిగిలాను’, ‘నేను ఇంకోలా చేసుంటే’ లాంటివి. వార్డులో నేను విన్న మాటల్లో భయం కన్నా ఇవే ఎక్కువ.

2013లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 70 పరిశోధనలు, 4,761 మంది పెద్దవాళ్ళ ఫలితాలు కలిపి చూశారు. మనసుకైన గాయం మీదే పనిచేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం, పైన చెప్పిన రెండూ ఈ కోవవే), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే వైద్యం) రెండూ మేలు చేశాయి.

భీమిలి రోడ్:
సిస్టర్ గారూ, అదే సమీక్షలో ఆధారాల నాణ్యత చాలా తక్కువ అని కూడా ఉంది. థెరపీ తీసుకున్న వాళ్ళలో మధ్యలో మానేసినవాళ్ళు ఎక్కువ. పోల్చింది కూడా చాలావరకు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళతోనేగా? ఏమీ అందనివాళ్ళ పక్కన నిలబెడితే ఏదైనా బాగానే కనబడుతుంది.

వాల్తేరు సిస్టర్:
ఆ మూడూ నిజమే, నేను దాచను. మానేసేవాళ్ళని నేనూ చూశాను. మూడోసారో నాలుగోసారో ఇక రారు, సరిగ్గా బరువు ఎక్కువయ్యే చోట. అందుకే మొదటిరోజే అడగండి: మధ్యలో తట్టుకోలేకపోతే ఏం చేస్తారు? రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? దానికి సూటిగా చెప్పలేని చోటికి వెళ్ళొద్దు. గతం జోలికి పోకుండా ఇప్పటి ఇబ్బందుల మీదే నడిచే చికిత్స కూడా ఉంది, అందులో మానేసేవాళ్ళు తక్కువ. కాకపోతే ఫలితం గాయం మీద పనిచేసేవాటికి సమానమని తేలలేదు.

కానీ ‘కాలమే మాన్పుతుంది’ అనే మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. ఇన్నేళ్ళయినా రెగ్యులేటర్ మంచం కిందే ఉందంటే ఆ పుండు మానట్లేదు తమ్ముడూ, పైన పొక్కు కట్టిందంతే. వెళ్ళేలోపు రాత్రిళ్ళు కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

భీమిలి రోడ్:
మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషి ఉంటే సరే. మా నాన్నకి ఆ మనిషే లేడు.

గోపాలపట్నం తమ్ముడు:
సోమవారం తీసుకెళ్తున్నాను. సిస్టర్ గారు రాసింది నిన్న రాత్రి బావకి చదివి వినిపించాను. ‘ఇంకోలా చేసుంటే’ అన్నచోట ఆపమన్నాడు. చాలాసేపటికి, “పక్కింటి తలుపు కొట్టకుండా వచ్చేసిన సంగతి కూడా చెప్పాలా?” అని అడిగాడు. అక్క అక్కడే ఉంది. ఆ తలుపు సంగతి తనూ వినడం అదే మొదటిసారి.